కిటికీ కింద కూత

జేబెజ్ ఆల్సప్ మోకాళ్ల మీద కూర్చుని ఇంజను పొయ్యిలోకి చెక్కపేళ్లు దోపుతున్నాడు. నిలబడి చేసే పని కాదది. హార్ట్‌క్లఫ్ హాలు అనే బంగళా తోటలో తిరిగే ఆ ఇంజను నిలబడ్డ మనిషి ఛాతీ దాకా రాదు. దాని పట్టాల మధ్య ఎడం జానెడున్నర కంటే కొంచెం ఎక్కువ, అంతే. పదహారేళ్లప్పుడు దాని ముందు వంగిన జేబెజ్ నడుము మళ్లీ సరిగ్గా నిటారు కాలేదు. అతను వీధిలో నడిచి వస్తుంటే ఊళ్లోవాళ్లు, "అదుగో జేబెజ్, మళ్లీ ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడు" అని నవ్వుకునేవారు. అతను కూడా నవ్వేవాడు. ఆ మాటలో చెడ్డతనం లేదని అతనికి తెలుసు.

పేళ్లు అంటుకున్నాయి. వాటి మీద చిన్న బొగ్గు పలచగా పరిచాడు. నీళ్లు కాగేలోపు ఒక్కొక్క కీలుకూ నూనె పోసి, ఇత్తడి భాగాలన్నీ గుడ్డతో తుడిచాడు. లావీనియా అని ఇంజను పక్కన ఇత్తడి అక్షరాలున్నాయి. అది సర్ ఆంబ్రోస్ దొరగారి భార్య పేరు. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఒక్కసారి కూడా ఆ బండి ఎక్కలేదు. పొగ పడదని చెప్పేది. పేరు పెట్టించుకోవడానికి మాత్రం పొగ అడ్డు రాలేదు.

ఆవిరి తయారయ్యాక జేబెజ్ చీపురు పట్టుకుని పట్టాల మీద బీచి చెట్ల ఆకులు ఊడ్చాడు. అక్టోబరు నెలలో ఆకులు ఒకటే రాలడం. తడిసిన ఆకు మీద చక్రం జారుతుంది. ప్రతి ఏడూ ఈ రోజుల్లో ఆకులు ఊడుస్తూ అడవి లోపలికి, సొరంగం దాకా వెళ్లేవాడు. ఆ ఉదయం పది నిమిషాలకే చీపురు గోడకు ఆనించేశాడు. ఊడవడానికి పట్టా ఉంటే కదా.

అప్పుడెప్పుడో, దొరగారికి ఇంకా మీసం నల్లగా ఉన్న రోజుల్లో, ఆయనకొక ఆలోచన వచ్చింది. పెద్ద రైళ్లు పెద్ద ఊళ్లకే వెళతాయి. పొలానికీ, రాళ్ల గనికీ, యుద్ధరంగానికీ వెళ్లవు. అక్కడికి ఇలాంటి బుల్లి రైలు వేస్తే నలుగురు మనుషులు వారం రోజుల్లో లైను పరిచేస్తారు, ఒక్క గుర్రం అక్కర్లేకుండా సరుకంతా చేరుతుంది. నమ్మనివాళ్లకు చూపించడానికి సొంత తోటలోనే వేశాడు. వంటింటి వెనక షెడ్డు దగ్గర బయల్దేరి, బంగళా వెనక కిటికీల కిందుగా, బీచి అడవిలోంచి, సొరంగం దాటి, వాగు మీద కొయ్య వంతెనెక్కి రాళ్ల గని దాకా పోయే లైను. అక్కడ ఒక చుట్టు తిరిగి మళ్లీ షెడ్డుకే. చొక్కా చేతులు పైకి మడుచుకుని ఆయనే కూలీల పక్కన గడ్డపార పట్టేవాడు. కంకర మోయడానికి వచ్చిన జేబెజ్‌కు పట్టా సమం చూడడం, ఇంజను నడపడం, చెడితే విప్పి బాగుచేయడం అన్నీ ఆయనే నేర్పాడు. కూలివాడికి నేర్పుతున్నానన్న మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు.

సైన్యం వాళ్లు చాలాసార్లు వచ్చారు. రైలుకు భోజనం పెట్టె అని ఒకటి ఉండేది. అందులో ఇంత ఎత్తు మనుషులు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఒలకకుండా సూపు తాగి, ఎర్ర వైను తాగి, అద్భుతం సర్ ఆంబ్రోస్ అని భుజం తట్టి వెళ్లిపోయేవారు. ఒక్కడూ కొనలేదు. తీరా యుద్ధం వచ్చి, ఫ్రాన్సులో సైన్యం నిజంగానే చిన్న రైళ్లు వేయడం మొదలుపెట్టింది. వేసింది వేరే కొలత, వేరే ఎవరిదో. ఆ కబురు విన్న వసంతంలోనే దొరగారికి కుడి పక్క పడిపోయింది. డాక్టరు దానికేదో పేరు చెప్పాడు. వంటావిడ మిసెస్ హాలమ్ మాత్రం ఆ కబురే ఆయన్ని పడగొట్టిందని ఇప్పటికీ అంటుంది.

జేబెజ్ బతుకంతా రైలు నడిపాడు, హార్ట్‌క్లఫ్ గోడ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఈ మాట అన్నది అతని కొడుకు ఎనోకే. "మా నాన్న రైలుని ఆవు దాటి పోతుంది, పోయి అవతల గడ్డి తింటూ ఎదురుచూస్తుంది" అని సారా దుకాణంలో అందరినీ నవ్వించేవాడు. ఆ ఎనోక్ ఇప్పుడు ఫ్రాన్సులో ఫిరంగుల దగ్గరున్నాడు. ఆ మాట ఇంకొక్కసారి వాడి నోటివెంట వింటే చాలునని జేబెజ్‌కు ఉంటుంది.

ఇక ఇంటి పెత్తనం దొరగారి తమ్ముడి కూతురు మిస్ సెసిలీది. మంచి మనిషి. ఇనుము కావాలని ప్రభుత్వం ఊరూరా అడుగుతుంటే, పార్కు గేట్లు ఇచ్చింది, కంచె ఊచలు ఇచ్చింది, చివరికి రైలు పట్టాలూ ఇచ్చింది. పెదనాన్నకు ఈ సంగతి తెలియకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పింది. సుత్తి చప్పుళ్లు వినిపిస్తాయి కాబట్టి, పాత పట్టాలు తీసి కొత్తవి వేస్తున్నామని చెప్పింది. ఆయన సంతోషించాడట. ఎడం చేతి వేళ్లతో దుప్పటి మీద తాళం వేశాడట.

షెఫీల్డు నుంచి మేస్త్రీ గ్రీవ్స్ తన మనుషులతో వచ్చి, రాళ్ల గని కొస నుంచి మొదలుపెట్టాడు. ఊడదీసిన పట్టాలు షెడ్డు దగ్గరి లారీ దాకా తేవాలంటే ఆ రైలే దిక్కు. లావీనియా ప్రతిరోజూ ఆ కొసకు వెళ్లి, తన కిందనుంచి తీసిన పట్టాలనే పెట్టెల్లో వేసుకుని వెనక్కి వస్తుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. నరికేవాడికి నరుకుతున్నానని తెలిసి కూడా గొడ్డలి దింపే వీలు లేకపోవడం ఒక్కటే ఇక్కడ ఎక్కువ.

ఇదంతా ఎలాగో భరించేవాడే. శనివారమే భరించరానిది. ప్రతి శనివారం నాలుగు గంటలకు జేబెజ్ లైను సంగతి దొరగారికి చెప్పాలి. మొదటి అతుకు నుంచి చివరి అతుకు దాకా, ఎక్కడ కంకర కుంగింది, ఎక్కడ దుంగ పుచ్చింది, ఎక్కడ మేకు వదులైంది, అన్నీ వరుసగా, కాగితం లేకుండా. మొదటి వారం నుంచీ ఉన్న ఆనవాయితీ అది. దొరగారు చాలా తప్పులు క్షమించేవాడు గానీ, లైను గురించి అబద్ధం క్షమించేవాడు కాదు. లైను బాగుందని అబద్ధం చెప్పినవాడు రేపు బండెక్కేవాణ్ణి ఇవాళే చంపేసినట్టని ఆయన మాట. ఆయన మంచాన పడ్డాక కూడా శనివారం ఆగలేదు. పట్టాలు తీయడం మొదలైనప్పటి నుంచీ జేబెజ్ మేడ మీదికెళ్లి, మంచం పక్కన నిలబడి, లేని వంతెన గట్టిగా ఉందనీ, పట్టాలు లేని సొరంగంలో నీరు కారడం లేదనీ చెబుతూ వచ్చాడు. చెప్పిన ప్రతిసారీ ఇంటికొచ్చి భార్య కెజాయా పెట్టిన అన్నం సగం వదిలేసేవాడు.

దొరగారి మాట ముద్దగా వచ్చేది గానీ, చెవులు చెవులే. బండి అడవిలో ఉంటే ఒక చప్పుడు, సొరంగంలో ఉంటే ఒక చప్పుడు, కొయ్య వంతెన మీద అయితే డోలు మోగినట్టు ఒక చప్పుడు. మంచంలో కళ్లు మూసుకుని లైనంతా తిరిగి వచ్చేవాడు. కిందటి శనివారం జేబెజ్ చెప్పడం ముగించగానే ఆయన కళ్లు తెరిచాడు.

"వంతెన చప్పుడు వినిపించడం లేదు, జేబెజ్."

"గాలి అటు తిరిగింది దొరా. అందుకని."

ఆయన చాలాసేపు చూశాడు. ఆ చూపు కింద జేబెజ్‌కు కంకర మోసే కుర్రాడినే అయిపోయినట్టనిపించింది.

"వచ్చే శనివారం గాలి సంగతి వద్దు. లైను సంగతి చెప్పు."

ఆ వచ్చే శనివారం ఇదే.

ఎనిమిది గంటలకు మిస్ సెసిలీ తోటలోకి వచ్చింది. జేబెజ్ టోపీ తీసి, వారం నుంచి కూడబలుక్కున్న మాట అడిగేశాడు. ఇక మిగిలింది షెడ్డు నుంచి దొరగారి కిటికీ దాటి హోలీ అనే ముళ్లపొదల మలుపు దాకానే. ఈ ముక్క వదిలేయమన్నాడు. దాని మీద అటూ ఇటూ బండి తిప్పుతూ ఉంటానన్నాడు. జీతం అక్కర్లేదన్నాడు.

ఆమె కిటికీ వైపు చూసింది. రోగికి వెలుతురు పడదని వేసవి నుంచీ ఆ కిటికీకి తెర దించే ఉంటుంది.

"ఇవ్వనని నేనంటే, రేపు మీ ఎనోక్ మొహం ఎలా చూడను జేబెజ్? అక్కడ గుండ్లు చాలక పిల్లలు ఊరికే చచ్చిపోతున్నారట."

ఎదుటివాడు దుర్మార్గుడైతే కోపమైనా తెచ్చుకోవచ్చు. కొడుకుని తెచ్చి ఎదురుగా నిలబెట్టాక తండ్రి నోరెత్తలేడు. జేబెజ్ టోపీ పెట్టుకుని, సరేనమ్మా అన్నాడు. పెదనాన్న ఈ రోజు ఎలా ఉన్నారని అడిగితే, రాత్రంతా నిద్ర లేదని, ఇప్పుడే కళ్లు మూశారని చెప్పి ఆమె లోపలికి వెళ్లిపోయింది.

గ్రీవ్స్ మనుషులు పొదల మలుపు దగ్గర మేకులు పీకడం మొదలుపెట్టారు. జేబెజ్ ఇంజను వెనక ఇరుకు పీట మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఖాళీ పెట్టెలు తోసుకెళ్లి, నిండినవి లాక్కొచ్చాడు. కిటికీ కిందికి వచ్చినప్పుడల్లా ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వేశాడు. దొరగారు పెట్టిన నియమం అది. ఆ శబ్దం ఆగితే ఆయనకేమనిపిస్తుందోనని, మామూలుకంటే ఎక్కువసార్లే వేశాడు. పెట్టె సగం నిండగానే బయల్దేరేవాడు. రెండుసార్లలో అయ్యే పనికి నాలుగుసార్లు తిరిగాడు. చేతనైనది అదొక్కటే మరి.

గ్రీవ్స్‌కు అది కంటబడకపోలేదు. "ఏమయ్యా పెద్దాయనా, పట్టాలు మోస్తున్నావా, పల్లకి మోస్తున్నావా?" అన్నాడు. కూత చెవుల్లో చిల్లు పెడుతోందని విసుక్కున్నాడు కూడా. జేబెజ్ నూనె డబ్బా తీసి, నూనె అక్కర్లేని కీలుకు నూనె పోయడం మొదలుపెట్టాడు.

పదకొండు ప్రాంతంలో డాక్టరు గుర్రబ్బండి వచ్చింది. అది రోజూ వచ్చేదే. కాసేపటికి అంట్లు తోమే టిల్లీ వంటింట్లోంచి గుర్రాలశాల వైపు పరిగెత్తింది, అక్కణ్ణుంచి తోటమాలుల గుడిసెల వైపు పరిగెత్తింది. టిల్లీ నడవగా ఎవరూ చూసింది లేదు. మధ్యాహ్నం ఆ పిల్లే పనివాళ్లందరికీ రొట్టె, జున్ను, బీరు తెచ్చిపెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాళ్లన్న కూడా యుద్ధంలోనే ఉన్నాడు. ఆ సంవత్సరం హార్ట్‌క్లఫ్‌లో ఆడవాళ్ల కళ్లు ఎర్రగా ఉంటే ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. అడిగి ఏ కబురు వినాల్సొస్తుందోనని భయం. జేబెజ్ కూడా అడగలేదు.

"కూత ఆపొద్దని చెప్పమన్నారు అమ్మాయిగారు," అంది టిల్లీ. "ఎంతసేపు వేసినా పర్లేదంట."

జేబెజ్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. అంటే దొరగారు లేచి వింటున్నాడన్నమాట. రాత్రంతా నిద్రలేని మనిషి, ఈ కూత కావాలని అడిగాడన్నమాట. ఆ వారంలో మొదటిసారి జేబెజ్ తిండి మొత్తం తిన్నాడు. బీరు కూడా తాగాడు.

మధ్యాహ్నానికి పనివాళ్లు కిటికీ కిందికే వచ్చారు. సుత్తి దెబ్బలకు గోడ మీది ఐవీ తీగ ఆకులు వణికాయి. జేబెజ్ ప్రతి లోడుకూ కూత వేశాడు, లోడు లేకపోయినా వేశాడు. కిటికీ కింద పట్టా పోయాక షెడ్డు దగ్గర్నుంచే వేశాడు. వేస్తూ వేస్తూ, నాలుగు గంటలకు ఏం చెప్పాలో తేల్చుకున్నాడు. పిలిచి మరీ కూత వినే మనిషి ఇంకా బతికే ఉన్నాడు, చెవులూ బతికే ఉన్నాయి. అలాంటి మనిషి దగ్గర గాలి మీద పెట్టి తప్పించుకోకూడదు. ఆయనకు ఏడుపు వస్తే రానీ, తిడితే తిట్టనీ. కావాలంటే పని నుంచి తీసేయనీ. పనే లేదు, తీసేదేముంది? మిస్ సెసిలీకి ఇచ్చిన మాట పోతుంది, నిజమే. ఆ మాట కంటే ముందు ఇచ్చిన మాట ఒకటుంది.

ఈ నిర్ణయంతో అతనికి ఒళ్లు తేలికైంది. లైను లేదు దొరా, అని ఎలా మొదలుపెట్టాలో, ఏ కొస నుంచి చెప్పుకురావాలో పెదవులు కదుపుతూ అనుకున్నాడు. గని దగ్గర చుట్టు పోయింది. వంతెన దుంగలు పొయ్యిలోకి పోయాయి. సొరంగం ఉంది గానీ, దానిలో గొర్రెలు పడుకుంటున్నాయి. అంతా వరుసగా, ఒక్క అతుకూ వదలకుండా.

నాలుగవుతుండగా కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, జుట్టు తడిచేత్తో అణుచుకుని, వంటింటి తలుపు తట్టాడు.

మిసెస్ హాలమ్ నల్ల గౌను వేసుకుని ఉంది. పొయ్యి మీద కూరల వాసన లేదు. ఆవిడ అతనికి కుర్చీ లాగింది. పాతికేళ్లలో ఆవిడ అతనికి కుర్చీ లాగడం అదే మొదలు. జేబెజ్ కూర్చోలేదు.

"టైమైంది," అన్నాడు. "మేడ మీదికి వెళ్లాలి."

"వెళ్లిరా నాయనా. బాగా కడిగి పడుకోబెట్టాం. నిద్రపోతున్నట్టే ఉన్నారు."

అతను ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. అతనికి తెలియదేమోనని ఆవిడకు అప్పుడు అనుమానం వచ్చింది. గొంతు తగ్గించి, పదిన్నరకు పోయారు కదా అంది. టిల్లీని పంపించి బయట అందరికీ చెప్పించామంది. ఇంటి ముందు కిటికీలన్నిటికీ తెరలు దించేశాం, చూడలేదా అంది. ఇంట్లో మనిషి పోతే తెర దించుతారని, ఆ జిల్లాలో పాలు పోసేవాడి నుంచి పాదిరి దాకా తెరను చూసే తెలుసుకుంటారు. నోటితో చెప్పే అవసరమే ఉండదు. జేబెజ్ పొద్దున్నుంచీ ఉన్నది ఇంటి వెనక. అక్కడున్న ఒక్క తెర వేసవి నుంచీ దించే ఉంది. ఆ కిటికీ కిందే తిరుగుతున్నవాడికి తెలియకుండా ఉంటుందా అని టిల్లీ అనుకుని ఉంటుంది. ఆ పిల్లను అని ఏం లాభం.

ఇంతలో మిస్ సెసిలీ లోపలి తలుపు తీసుకుని వచ్చింది. పొద్దున చూసినప్పటికంటే పదేళ్లు పెద్దదానిలా ఉంది. నేరుగా వచ్చి, నూనె మరకలున్న అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ రోజు నువ్వు చేసింది నేను బతికున్నంత కాలం మర్చిపోను జేబెజ్. నువ్వు కూత వేసిన ప్రతిసారీ నేను పెదనాన్న పక్కనే కూర్చుని ఉన్నాను. నాకు ఏడుపు అప్పుడే వచ్చింది. ఏ రాజుకీ ఇలాంటి వీడ్కోలు ఇచ్చి ఉండరు."

మిసెస్ హాలమ్ పొయ్యి వైపు తిరిగి, లేని కూర కలపడం మొదలుపెట్టింది.

జేబెజ్ నోరు తెరిచాడు. తెలియక వేశానమ్మా, ఆయన వింటున్నాడనుకుని వేశాను అని చెప్పవచ్చు. చెబితే ఆ పిల్లకు ఆ రోజున మిగిలిన ఒక్క మంచి సంగతీ పోతుంది. చిన్నప్పుడు బొగ్గుపెట్టె మీద ఎక్కి కూర్చుని, ఇంకో చుట్టు జేబెజ్, ఇంకొక్క చుట్టు అని బతిమాలిన పిల్ల. నిజం చెబుదామని చేతులు కడుక్కుని వచ్చిన మనిషి ఆ చేతిని ఆమె చేతుల్లో అలాగే వదిలేశాడు.

"అవునమ్మా," అన్నాడు.

ఆమే అతన్ని మేడ మీదికి తీసుకెళ్లింది. మంచం మీద దొరగారి మూతి మళ్లీ తిన్నగా అయింది; జబ్బు ఆయనను వదిలేసి వెళ్లిపోయినట్టుంది. జేబెజ్ ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. ఎదురుగా మిస్ సెసిలీ కూర్చుని, రుమాలు కళ్లకు అద్దుకుంటూ, మధ్యాహ్నం ఒక్కసారే ఏడు కూతలు వేశావు కదూ అని అడిగింది. ఆమె ఎదురుగా ఉండగా లైను లేదు దొరా అనడం అతని వల్ల కాలేదు. లైను బాగుంది అనడం కూడా వల్ల కాలేదు. మొదటిసారి ఒక శనివారం లైను సంగతి ఎవరికీ చెప్పకుండా గడిచిపోయింది. పది నిమిషాలు అలా నిలబడి, తల వంచి, మెట్లు దిగి వచ్చేశాడు. ఇంత ఆలస్యంగా ధైర్యం తెచ్చుకునేవాడికి దేవుడు ధైర్యం ఇవ్వడమెందుకని దారిలో అనుకున్నాడు.

షెడ్డు దగ్గర గ్రీవ్స్ టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు. వంటింట్లో ఎవరో ఇప్పుడే చెప్పారట. పొద్దున అన్న మాటలేవీ మనసులో పెట్టుకోవద్దన్నాడు. అంటూనే లారీ వైపు చూశాడు. అతనికీ పని అప్పగించినవాళ్లున్నారు.

"ఆ చివరి జత ఒక్కటీ వేసేసుకుని పోతాం పెద్దాయనా. ఇంజను కాస్త పక్కకి జరుపు."

జేబెజ్ ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు. ముందు ఊడదీసిన దుంగల గుంటలు. వెనక షెడ్డు గోడ.

"ఎక్కడికి జరపను?" అన్నాడు.

అతని గొంతులో వెటకారం లేదు. తెలిస్తే చెప్పమనే అడిగాడు. గ్రీవ్స్ కూడా ఇటూ అటూ చూశాడు. పొద్దున్నుంచీ పట్టాలు లెక్క చూసుకున్నాడే తప్ప, ఆఖరున ఇంజను దేని మీద నిలబడుతుందో ఆ మేస్త్రీకీ తోచలేదు. సోమవారం క్రేను తెచ్చి ఎత్తిస్తానని గొణిగి, మనుషుల్ని లారీ ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

జేబెజ్ మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని, పొయ్యిలో నిప్పంతా కిందికి లాగి, నీళ్లు చల్లాడు. నిప్పు ఉండగా ఇంజనును వదిలి వెళ్లకూడదు. మిగిలిన ఆవిరి ఒక కూతకు సరిపోతుంది. గొలుసు మీద చెయ్యి వేసి, తీసేశాడు. ఎవరి కోసం? ఆవిరిని కింది తూము గుండా బయటికి వదిలేశాడు. అది బుస్సుమంటూ కాసేపు గడ్డి మీద పాకి ఆగిపోయింది. తర్వాత అతను కోటు భుజాన వేసుకుని, ఎప్పుడూ పట్టా పక్కనే నడిచి వెళ్లే దారిలో, ఇప్పుడు పక్కన ఏమీ లేని దారిలో, వంగిన నడుముతో ఇంటికి వెళ్లిపోయాడు. కెజాయాకు ఏం చెప్పాలో ఆలోచించలేదు.

వెనక చీకట్లో లావీనియా నిలబడి ఉంది. దాని కింద రెండు పట్టాలున్నాయి, దాని పొడవుకు సరిగ్గా సరిపడా.